గ్రాంటు వచ్చింది సరే, అమ్మ గడప దాటేదెలా?

అమ్మలూ,

మీ తెలుగు సంఘానికి గ్రాంటు మంజూరైందన్న కబురు విని చాలా సంతోషించాను. పెద్దవాళ్ల మీద ఇళ్లల్లో జరిగే వేధింపుల గురించి మనవాళ్లకు శిక్షణ ఇవ్వడానికీ, బాధలో ఉన్నవాళ్లకు సాయం అందించడానికీ ఆ డబ్బు ఇచ్చారన్నావు. "పెద్దమ్మా, ఏం చేస్తే బాగుంటుందో నాలుగు ముక్కలు రాసి పంపు" అన్నావు. నేను నాలుగు ముక్కలతో ఆగనని తెలిసే అడిగావు కనక, తీరిగ్గా కూర్చుని చదువు.

మీ కమిటీలో నలుగురూ అనుకుంటున్నదీ చెప్పావు. జూన్ 15న ఒక హాలు తీసుకోవాలి, కౌన్సిలరుగారిని పిలవాలి, పెద్దవాళ్లకు శాలువాలు కప్పాలి, పిల్లల చేత డాన్సులు వేయించాలి, అరిటాకు భోజనం పెట్టాలి. పెద్దల వేధింపుల మీద అవగాహన కోసం 2006 నుంచీ ప్రపంచమంతా జరుపుకుంటున్న రోజు అది. ఐక్యరాజ్య సమితి కూడా 2011లో దాన్ని గుర్తించింది. ఆ రోజున సభ పెట్టుకోవడం తప్పని నేననను. కానీ ఆ హాలుకు ఎవరొస్తారో ఆలోచించు. కొడుకో కూతురో కారులో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చిన తల్లి వస్తుంది. ఎవరి కోసం ఈ డబ్బు వచ్చిందో ఆ తల్లిని తీసుకొచ్చేవాళ్లుండరు. తీసుకొచ్చినా ఆ కొడుకు పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. శాలువా కప్పించుకుని, ఫొటో దిగి, మళ్లీ ఆ కారులోనే వెళ్లిపోతుంది.

అందుకని, ఖర్చుపెట్టబోయే ప్రతి డాలరు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోమంటాను. దీనివల్ల ఒక పెద్దామె పిల్లల ఫోనూ, పిల్లల కారూ, పిల్లల ఇంగ్లీషూ లేకుండా బయటి మనిషి దగ్గరికి చేరగలదా? చేరగలదంటే కళ్లు మూసుకుని పెట్టు. చేరలేదంటే ఎంత ముచ్చటైన కార్యక్రమమైనా దాన్ని ఉగాది బడ్జెట్లో వేసుకోండి, ఈ డబ్బులో వద్దు.

ఎందుకంత పట్టుగా చెబుతున్నానంటే, ఈ ఆస్ట్రేలియాలో మనలాంటివాళ్ల బతుకు తీరే అలాంటిది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లికి ఇంటి గొడవ చెప్పుకోవడానికి పక్కింటి అమ్మ ఉంటుంది, పాలు పోసేవాడుంటాడు, బస్సెక్కితే పుట్టిల్లుంటుంది. ఆ తల్లే మీ విక్టోరియాలోని టార్నీట్‌లోనో ట్రుగనీనాలోనో దిగిందనుకో. ఫోనులో సిమ్ కొడుకు ప్లానులోది. బ్యాంకు కార్డు ఉండదు, ఉన్నా ఇంట్లో ఎవరి పర్సులోనో ఉంటుంది. పాస్‌పోర్టు "భద్రంగా" కొడుకు బీరువాలో ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళితే ఆమె నొప్పిని కోడలు ఇంగ్లీషులో చెబుతుంది, డాక్టరు మాటను కోడలే తెలుగులో చెబుతుంది. ఊళ్లో వచ్చే పెన్షన్ ఏటీఎం కార్డు రెండో కొడుకు దగ్గరుంటుంది. ఇందులో ఏ ఒక్కటీ వేధింపు కాదు. పిల్లలు మంచివాళ్లయినంత కాలం ఇవన్నీ సదుపాయాలే. ఆ ఇంట్లో మాట చెడిన రోజున మాత్రం ఆమెకు బయటికి ఒక్క దారీ ఉండదు. అన్ని దారులూ ఆ మాట చెడిన మనిషి గుండానే పోతాయి.

మీ శిక్షణకు వచ్చినవాళ్లు మొదటి పది నిమిషాల్లో "మనలో అలాంటివి లేవండీ" అంటారు చూడు. వాళ్లతో వాదం పెట్టుకోకు. కొట్టడం, తిట్టడం దగ్గర మొదలుపెట్టకుండా మన ఇళ్లల్లో కనిపించేవే చెప్పు. అమ్మానాన్నలను విడదీసి పంచుకోవడం ఒకటి. అమ్మ ఇక్కడ పెద్దవాడి పిల్లలను చూసుకుంటుంది, నాన్న అమెరికాలో చిన్నవాడి పిల్లలను స్కూలు బస్సు ఎక్కిస్తుంటాడు. అరవై దాటాక భార్యాభర్తలు వాట్సాప్‌లో కాపురం చేస్తారు. వాళ్లిద్దరినీ ఎవరైనా అడిగారా? ఇంకొకటి, ఒంట్లో బాగాలేదంటే "ఇన్సూరెన్సులో రాదమ్మా, ఇండియా వెళ్లాక చూపిద్దాం" అనడం. ఇంకొకటి, వచ్చినవాళ్ల ముందు ఆమె మాట్లాడబోతే మాట తుంచేయడం, రోజుల తరబడి పలకరించకపోవడం, "టికెట్ తీసి పంపించేస్తా" అని బెదిరించడం. అన్నిటికన్నా బరువైనది ఇల్లు అమ్మించడం. దాని సంగతి విడిగా చెబుతాను.

లెక్కలు కావాలనే ఇంజినీర్లు మీ కమిటీలో ఉంటారు కనక ఇవి రాసిపెట్టుకో. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యామిలీ స్టడీస్ వాళ్లు 65 ఏళ్లు దాటిన 7,000 మందిని అడిగి 2021 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చారు. అందులో 14.8 శాతం మంది, అంటే సుమారు ఏడుగురిలో ఒకరు, అంతకు ముందు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపు ఎదుర్కొన్నారు. అన్నిటికన్నా ఎక్కువ మాటలతో, బెదిరింపుతో మనసును హింసించడం, అది 11.7 శాతం. పట్టించుకోకుండా వదిలేయడం 2.9 శాతం, డబ్బు దగ్గర మోసం 2.1 శాతం, చెయ్యి చేసుకోవడం 1.8 శాతం. చేసినవాళ్లలో అందరికన్నా ఎక్కువ వాటా కన్నబిడ్డలది. బాధపడినవాళ్లలో 61 శాతం మంది ఎవరి సాయమూ, సలహా అడగలేదు. ఇది సొంత ఇళ్లల్లో ఉన్నవాళ్ల లెక్క, నర్సింగ్ హోముల సంగతి ఇందులో లేదు. ఇంగ్లీషు వచ్చి, సొంత ఫోనుండి, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఎక్కువగా ఉన్న జనంలోనే పదిమందిలో ఆరుగురు నోరు మెదపలేదంటే, "ఇంటి గుట్టు లంకకు చేటు" అని వింటూ పెరిగిన మన తల్లులు ఏపాటి మెదుపుతారో నువ్వే ఊహించుకో. 2016 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 34 వేల పైచిలుకు. 2021కి 59 వేలు దాటారు. అంతమంది ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు స్థిరపడ్డారంటే, వాళ్ల వెనక వచ్చే అమ్మానాన్నలు ఇంకెందరో.

ఇక సాయం సంగతి. ఇక్కడి ప్రభుత్వాలు ఊరుకోలేదు. ఆస్ట్రేలియన్ లా రిఫార్మ్ కమిషన్ 2017లో పెద్దల వేధింపుల మీద 43 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. 2019 మార్చిలో జాతీయ ప్రణాళిక వచ్చింది. దేశమంతటికీ ఉచిత ఫోను నంబరు ఒకటుంది, 1800 353 374. చేస్తే ఆ రాష్ట్రంలోని సేవకు కలుపుతారు. మీ విక్టోరియాలో సీనియర్స్ రైట్స్ విక్టోరియా ఉంది, 1300 368 821. 2008 నుంచీ పనిచేస్తోంది. లాయరు సలహా కూడా డబ్బు తీసుకోకుండా, గుట్టుగా ఇస్తారు. మా సిడ్నీ వైపు ఏజింగ్ అండ్ డిజబిలిటీ కమిషన్ 2019 జూలైలో మొదలైంది, 1800 628 221. దక్షిణ ఆస్ట్రేలియాలో అదే ఏడాది పెద్దల రక్షణకు ప్రత్యేక విభాగం పెట్టారు. కొన్ని ఆసుపత్రుల్లో లాయరే వచ్చి కూర్చునే ఏర్పాటుంది. పెద్దామె డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఉంటుంది, లాయరుతో మాట్లాడి వస్తుంది. విక్టోరియాలో 2016 నాటి రాయల్ కమిషన్ పెద్దల వేధింపును కూడా కుటుంబ హింసగానే చూడాలంది. ఆ రాష్ట్రపు కుటుంబ హింస చట్టంలో డబ్బు దగ్గర పీడించడమూ, మనసును పీడించడమూ రెండూ ఉన్నాయి.

అంటే ఆ చివర సేవలున్నాయి, ఈ చివర మన అమ్మ ఉంది. మధ్యలో మనిషి లేడు. మీ గ్రాంటు పని ఆ మధ్య మనిషిని తయారుచేయడమే. మీరే ఒక ఆశ్రమం కట్టాలనీ, మీరే కౌన్సెలింగ్ సెంటరు నడపాలనీ కలలు కనకండి. ఆ పనికి చదువుకున్నవాళ్లున్నారు. వాళ్ల దాకా చేర్చగల యాభై మంది తెలుగువాళ్లను తయారుచేస్తే చాలు, మీ డబ్బుకు ఫలితం దక్కినట్టే.

ఎవరిని తయారుచేయాలి? మీ లిస్టులో సంఘం వాలంటీర్లు, పెద్దల క్లబ్బు మెంబర్లు ఉన్నారు. మంచిదే. వాళ్లకన్నా ముందు మన మార్ట్‌గేజ్ బ్రోకర్లను, అకౌంటెంట్లను, ఇంటి కొనుగోలు కాగితాలు చూసే కన్వేయన్సర్లను కూర్చోబెట్టు. నవ్వకు. ఇల్లు కొనేటప్పుడు డిపాజిట్టు తల్లిదండ్రులిస్తే, అది తిరిగి అడగబోమని రాసిన గిఫ్ట్ లెటరు బ్యాంకువాళ్లు అడుగుతారు. కూకట్‌పల్లిలో ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మి, ఆ డబ్బు ఇక్కడికి పంపి, "మీరెప్పటికీ మాతోనే ఉంటారు" అన్న మాట నమ్మి ఆ కాగితం మీద సంతకం పెడతారు. సంతకం పెట్టిన క్షణాన వాళ్ల జీవితకాలపు సంపాదన వాళ్లది కాకుండా పోతుంది. ఇంటి పట్టాలో వాళ్ల పేరుండదు, ఏ గది వాళ్లదో రాత ఉండదు. రేపు కొడుకూ కోడలూ విడిపోయినా, ఇల్లు అమ్మేసినా, "వెళ్లిపోండి" అన్నా చేతిలో చూపించడానికేమీ ఉండదు. ఆ కాగితం పెద్దాయన ముందు పెట్టేది మన తెలుగు బ్రోకరే. ఆ ఒక్క మనిషి ఆ ఒక్క రోజున "బాబుగారూ, మీరు విడిగా ఒక లాయరుతో మాట్లాడి అప్పుడు సంతకం పెట్టండి" అంటే ఎన్ని గొడవలు పుట్టకుండా ఆగిపోతాయో! తల్లిదండ్రులు డబ్బో ఇల్లో ఇచ్చి, బదులుగా జీవితాంతం ఉండే హక్కు పొందడాన్ని ఇక్కడ గ్రానీ ఫ్లాట్ ఒప్పందం అంటారు. పెన్షన్లు చూసే సెంటర్‌లింక్ దానికి లెక్కలు పెట్టింది. అర్హులైనవాళ్లు రాతపూర్వకంగా చేసుకుంటే 2021 జూలై నుంచి క్యాపిటల్ గెయిన్స్ పన్ను మినహాయింపు కూడా ఉంది. రాసుకోవడం అపనమ్మకం కాదనీ, నమ్మకాన్ని ఎవరూ మరిచిపోకుండా చేసే పద్ధతనీ ఆ బ్రోకర్లకు నేర్పించు.

తరవాత తెలుగు డాక్టర్ల క్లినిక్కుల్లో రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిలు. రోగితో వచ్చినవాళ్లను మర్యాదగా బయట కూర్చోబెట్టి, పెద్దామెను ఒక్కర్తినే లోపలికి పంపే అలవాటు ఉంటే, ఆ పది నిమిషాలూ ఆమె సొంతం. మందుల షాపులో మన పిల్లలున్నారు. ఎవరి బీపీ మాత్రలు నెలల తరబడి కొనడం లేదో వాళ్లకు తెలుస్తుంది. గుడిలో పూజారులకూ, ప్రసాదాల వంటలో చేతులు కలిపే ఆడవాళ్లకూ చెప్పు. హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరుడి గుడికి మేం బస్సు వేసుకుని వెళ్తుంటాం. అక్కడ వంటల దగ్గర నేను చూసిందేమిటంటే, ఎదురెదురుగా కూర్చోబెట్టి "నీ బాధేమిటమ్మా" అని అడిగితే ఎవరూ చెప్పరు. పక్కపక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు చెబుతారు. చేతిలో పని ఉంటుంది, కళ్లు కిందికి ఉంటాయి, మాట తనంతట తానే బయటికొస్తుంది. అలాంటి చోట కూర్చునే ఆడవాళ్లే మీకు ముఖ్యులు, వేదిక మీద మాట్లాడేవాళ్లు కాదు.

కొడుకులనూ, కోడళ్లనూ, కూతుళ్లనూ, అల్లుళ్లనూ వదిలేయకు. వాళ్లను ముద్దాయిల్లా పిలిస్తే ఒక్కరూ రారు. ఇద్దరూ ఉద్యోగాలు, ఇంటి లోను, రాత్రి నిద్రపట్టని పసిపిల్ల, మతిమరుపు మొదలైన మామగారు, ఇవన్నీ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు మంచి మనిషి నోటి నుంచి కూడా చెడ్డ మాట వస్తుంది. అలసిపోయినవాళ్లకు కేరర్ గేట్‌వే అని ఒక సేవ ఉంది, 1800 422 737. చూసుకునేవాళ్లకు కౌన్సెలింగూ, కొంత విరామమూ దొరుకుతాయి. "మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే మీకే సాయం ఏముందో తెలుసుకోండి" అని పిలువు, వస్తారు.

శిక్షణ ఎలా ఉండాలంటే, తెర మీద స్లైడ్లు చూపించి ఇంగ్లీషులో చదివితే భోజనాల వేళకు మరిచిపోతారు. ఇద్దరిద్దరిని నిలబెట్టి తెలుగులో మాట్లాడించు. ఒకరు పెద్దామె, ఇంకొకరు అడిగే మనిషి. "మీ అబ్బాయి కొడుతున్నాడా" అని అడిగితే తలుపు మూసుకుపోతుంది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా పిన్నిగారూ? మొన్న సత్యనారాయణ వ్రతానికి రాలేదేం? మీ ఫోనుకు చేస్తే మీరే ఎత్తుతారా?" ఇలా మొదలుపెట్టాలి. ఆమె చెప్పింది నమ్మాలి. "అయ్యో, అంత మంచి కుర్రాడు అలా చేస్తాడా" అని మాత్రం ఎవరి నోటా రాకూడదు. ఏం చేయాలో ఆమెకు ఆజ్ఞాపించకూడదు. "మీరేం చేస్తే బాగుంటుందనుకుంటున్నారు" అని అడగాలి. చాలామందికి కొడుకు మీద కేసు అక్కర్లేదు, ఆ మాటలు ఆగితే చాలు. ఆమె ఒప్పుకుంటేనే ఫోను. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితైతే ఆలోచన లేకుండా అత్యవసర నంబరు 000.

ఇంగ్లీషు రానివాళ్ల కోసం టిస్ అనే దుభాషి సేవ ఉంది, నంబరు 131 450. "తెలుగు" అంటే చాలు, దుభాషి కలుస్తారు, వాళ్లే ఆ సేవకు కలుపుతారు. ఇది ప్రతి ఒక్కరి చేతా ఆ గదిలోనే ఒకసారి నిజంగా డయల్ చేయించు. కాగితం మీద నంబరు రాసిస్తే పూజగదిలో పటం వెనక ఉండిపోతుంది. ఒకసారి వేలితో నొక్కి, అవతలి గొంతు విన్నవాళ్లకు రెండోసారి భయముండదు. కొడుకునూ, కోడలినీ, ముఖ్యంగా పదేళ్ల మనవరాలినీ దుభాషిగా వాడకూడదని మరీ మరీ చెప్పు. నాన్న మీద నానమ్మ చెప్పే మాటను ఆ పిల్ల నోట పలికించడం రెండు తరాలకూ అన్యాయం.

ఇప్పుడు కొంచెం కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకు. పెద్దమనుషుల పంచాయితీ పెట్టకండి. ఇద్దరు మాజీ అధ్యక్షులు వెళ్లి, సోఫాలో కూర్చుని, కాఫీ తాగి, "ఏం బాబూ, అమ్మను బాగా చూసుకోవాలి కదా" అని సుద్దులు చెప్పి వచ్చారనుకో. వాళ్ల కారు వీధి మలుపు తిరగగానే లోపల ఏం జరుగుతుందో వాళ్లకు తెలియదు. మర్నాటి నుంచి ఆమె ఫోను పనిచేయదు, భజనకు రావడం మానేస్తుంది. పైగా మన లోకం చిన్నది. కమిటీలో ఉన్నవాడు ఆ కొడుకుతో క్రికెట్ ఆడతాడు, వాడి ఆఫీసులోనే పనిచేస్తాడు. అందుకే విన్న మాట విన్నవాళ్ల దగ్గరే ఆగాలి. వాట్సాప్ గ్రూపులో "పేరు చెప్పను గానీ" అని మొదలుపెట్టే మెసేజీ ఒక్కటి వచ్చినా మీ ప్రాజెక్టు ఆ రోజే చచ్చిపోతుంది. శిక్షణ పొందిన ప్రతి ఒక్కరి చేతా గుట్టు కాపాడతామని సంతకం తీసుకో.

వీసా భయం సంగతి కూడా శిక్షణలో ఉండాలి, ఎందుకంటే నోరు కట్టేసేది అదే. 2019లో వచ్చిన తాత్కాలిక స్పాన్సర్డ్ పేరెంట్ వీసా ఉంది కదా, మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు, మొత్తం పదేళ్లకు మించదు. దాని మీద పనిచేయకూడదు, ప్రభుత్వ వైద్య సదుపాయమైన మెడికేర్ రాదు, పోషణ బాధ్యత స్పాన్సర్ చేసిన బిడ్డది. శాశ్వత కాంట్రిబ్యూటరీ పేరెంట్ వీసా కావాలంటే తలకు 40 వేల డాలర్లకు పైనే కట్టాలి, వరసలో ఏళ్లూ పూళ్లూ పడతాయి. వచ్చాక కూడా ఏజ్ పెన్షన్‌కు మామూలుగా పదేళ్ల నివాసం కావాలి. వీసా చట్టంలో కుటుంబ హింస బాధితులకు ఉన్న రక్షణలు ముఖ్యంగా జీవిత భాగస్వాములను దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందుకే కొడుకు "వీసా రద్దు చేయిస్తా" అంటే తల్లి వణికిపోతుంది. ఆమెకు మీరు వీసా సలహా ఇవ్వకండి, అది లైసెన్సు ఉన్నవాళ్లే చేయాల్సిన పని. కమ్యూనిటీ లీగల్ సెంటరుకో లీగల్ ఎయిడ్‌కో చేర్చండి. ఒక మాట మాత్రం మీరు ధైర్యంగా చెప్పొచ్చు. సలహా అడగడం ఫిర్యాదు చేయడం కాదు. పేరు చెప్పకుండా కూడా అడగొచ్చు.

కొందరికి ఇంటికి వెళ్లిపోవాలని మాత్రమే ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కష్టంలో పడితే కాన్సులేట్ దగ్గర 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఒకటుంది. అర్హత చూసి తాత్కాలిక వసతికీ, టికెట్టుకూ సాయం చేస్తారు. అక్కడికి వెళ్లాక 14567 ఎల్డర్‌లైన్ ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడిగే దారి ఆ చట్టంలో 23వ సెక్షన్‌లో ఉంది. గిఫ్ట్ డీడ్‌లో ఆ షరతు ఒక వాక్యం రాయించుకుంటే ఎంత మేలో, సంతకాలకు ముందే మనవాళ్లకు తెలియాలి. ఈ రెండు దేశాల సంగతులూ ఒకే కాగితం మీద, పెద్ద అక్షరాల తెలుగులో అచ్చువేయించు. అలాంటి కాగితం మన సంఘాలు వేయకపోతే ఎవరూ వేయరు.

డబ్బు పంపకం దగ్గరికి వద్దాం. ఒక పెద్ద సభ కన్నా వారం వారం జరిగే చిన్న కూడిక మేలు. టార్నీట్‌లో జూలియా గిలార్డ్ లైబ్రరీ లాంటి చోట, పగటిపూట, పిల్లలు స్కూల్లో ఉండే వేళ పెట్టు. ఆ వేళకు కొడుకులూ కోడళ్లూ ఆఫీసుల్లో ఉంటారు. పేరు "వేధింపుల నివారణ" అని పెట్టకు, "ఫోను నేర్చుకుందాం" అని పెట్టు. రైలెక్కడం, టికెట్టుకు మైకీ కార్డు వాడటం, బ్యాంకు ఖాతా తెరవడం, డాక్టరుకు తానే ఫోను చేయడం, ఇవే పాఠాలు. ఈ పాఠాలన్నీ వేధింపు లేని ఇంట్లో తల్లికీ పనికొస్తాయి, అందుకే ఏ కొడుకూ వద్దనడు. తీసుకురావడానికి వ్యాను అద్దెకు డబ్బు కేటాయించు, ఖర్చు తగ్గిద్దామని అది కొట్టేయకు. రెండు భాషలూ వచ్చిన శిక్షకులకు గంటకింత అని ఇవ్వు. మన ఆడవాళ్ల శ్రమంతా "సేవ" పేరుతో ఉచితంగా లాగేసి, బయటి కన్సల్టెంటుకు మాత్రం వేలు పోయడం నాకు నచ్చదు. సీనియర్స్ రైట్స్ వాళ్లను అడిగితే వాళ్లే వచ్చి విషయం నేర్పుతారు. ఆ విషయాన్ని మన యాసలోకి తెచ్చేవాళ్లకే కూలి ఇవ్వాలి.

లెక్కలు శుభ్రంగా ఉంచు. ప్రతి రశీదూ దాచు, సంఘం ఖాతాలో కలపకుండా విడిగా చూపించు. రిపోర్టులో "ఎంతమంది హాజరు" అని అడుగుతారు. ఆ గడి నింపడం కోసమే అందరూ పెద్ద హాళ్ల వైపు పరిగెత్తుతారు. మొదట్లోనే గ్రాంటు చూసే అధికారితో మాట్లాడు. ఎంతమంది సొంతంగా ఫోను చేయగలుగుతున్నారు, ఎంతమంది ఒంటరిగా బస్సెక్కి వచ్చారు, ఎన్ని క్లినిక్కులు పెద్దవాళ్లను విడిగా పలకరించే పద్ధతి పెట్టాయి, ఇవి లెక్కపెడతామని చెప్పు. చాలామంది అధికారులు ఒప్పుకుంటారు, వాళ్లకూ అదే కావాలి. బాధితుల పేర్లూ, గుర్తుపట్టగలిగే వివరాలూ మాత్రం ఏ రిపోర్టులోనూ, ఏ ఫొటోలోనూ వద్దు. ఏడాది గ్రాంటుతో ఇది పూర్తయ్యే పని కాదనీ అప్పుడే రాసివ్వు. ఒక తల్లి నమ్మి నోరు విప్పడానికే ఏడాది పడుతుంది. సరిగ్గా అప్పుడే డబ్బు ఆగిపోతే, మాట ఇచ్చి తప్పినవాళ్ల లిస్టులో మనమూ చేరతాం. ఊళ్లో ఇళ్లు కట్టించుకున్న మన వ్యాపారస్తులను మిగతా ఏళ్ల కోసం ఇప్పుడే అడగడం మొదలుపెట్టు.

నువ్వూ జాగ్రత్త. ఇలాంటి కథలు విని వచ్చిన రాత్రి నిద్రపట్టదు. విన్నవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే చోటు, అనుభవమున్న సోషల్ వర్కరు ఒకరి పర్యవేక్షణ, ఇవి కూడా బడ్జెట్లో రాయి. అన్నీ నువ్వే మోయాలనుకోకు.

ఆఖరున ఒక మాట. వచ్చే నెల మీ అమ్మ నీ దగ్గరికొస్తోంది కదా. నా చెల్లెలిని నువ్వు కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటావని నాకు తెలుసు. అయినా అది దిగిన వారంలోనే దాని పేరు మీద సిమ్ తీయి. దాని పేరు మీద ఖాతా తెరువు, కార్డు దాని సంచిలోనే ఉండనీ. పాస్‌పోర్టు నీ బీరువాలో పెట్టకు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నువ్వు బయట కూర్చో. మీ వీధిలో నీతో అంత దగ్గరి స్నేహం లేని ఒక తెలుగు ఇంటికి దాన్ని పరిచయం చేసి, అక్కడికి దాన్ని ఒక్కదాన్నే నడిచి వెళ్లనీ. నీ తమ్ముడికి ఇవ్వాలనుకుంటున్న ఆ తెనాలి ఇంటి కాగితాల మీద లాయరు చూడకుండా సంతకం పెట్టనివ్వకు. "అమ్మ మీద నాకు ప్రేమ లేదా, ఇవన్నీ ఎందుకు" అని నీకే కొంచెం చివుక్కుమంటుంది. ఆ చివుక్కు నీకు తెలిస్తే, మీ శిక్షణకు వచ్చే కొడుకులూ కూతుళ్లూ ఎందుకు మొహం ముడుచుకుంటారో అర్థమవుతుంది, వాళ్లతో ఎలా మాట్లాడాలో నీకే తోస్తుంది. ముందు నీ ఇంట్లో చేసి, తరవాత మైకు పట్టుకో.

నీకూ అల్లుడిగారికీ పిల్లలకూ నా ఆశీస్సులు. బడ్జెట్టు కాగితం తయారయ్యాక నాకు పంపు, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తాను.

మీ పెద్దమ్మ